రాజధాని వార్తల్లోకి ఆమె నడిచివచ్చిన దారి

ఢిల్లీలో చలి తగ్గుముఖం పట్టి, కళాశాలల్లో వార్షిక పరీక్షల హడావుడి మొదలయ్యేలోపు వచ్చే నెలన్నర రోజులు సదస్సుల కాలం. ఐఐఎంసీలోనో, జామియాలోనో, లేడీ శ్రీరామ్ కళాశాలలోనో, నోయిడా చుట్టూ వెలిసిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లోనో పత్రికలు, టెలివిజన్, ప్రజా సంబంధాల రంగాల్లోకి రాదలచిన యువతుల కోసం ఉపాధి సదస్సులు జరుగుతూ ఉంటాయి. వేదిక మీద ఒక ప్రముఖ యాంకర్, ఒక డిజిటల్ సంస్థ సంపాదకురాలు, ఏదో పెద్ద కంపెనీలో కమ్యూనికేషన్ వ్యవహారాలు చూసే అధికారిణి కూర్చుంటారు. బయోడేటా ఎలా రాసుకోవాలి, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలి, ఫోనుతో వీడియో ఎలా తీయాలి అన్న పాఠాలు సాగుతాయి. ప్రశ్నలకు సమయం వచ్చేసరికి మాత్రం ఎవరో ఒక అమ్మాయి లేచి అడిగేది దాదాపు ప్రతిసారీ ఒక్కటే. రాత్రి డ్యూటీ తప్పదా? ఇంట్లో ఒప్పించేది ఎలా?

ఈ ప్రశ్న నిన్నగాక మొన్న పుట్టింది కాదు. రాజధానిలో వార్తల వృత్తిలో అడుగుపెట్టిన ప్రతి తరం స్త్రీలూ దీన్ని ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్నవారే. ఆ తరాల కథ సదస్సుల్లో వినిపించేది తక్కువ. వినిపించినా రెండు మూడు పేర్లు తలచుకుని దండం పెట్టడంతో సరిపోతుంది. వారు ఏ తలుపు దగ్గర ఆగిపోయారు, దాన్ని ఎలా తెరిపించారు అన్న వివరాల్లోకి ఎవరూ వెళ్ళరు. అసలు పనికొచ్చే పాఠం ఆ వివరాల్లోనే ఉంది.

1942లో హోమాయ్ వ్యారావాలా బొంబాయి నుంచి ఢిల్లీకి వచ్చేనాటికి ఆమె తీసిన ఫొటోలు పత్రికల్లో అచ్చవుతూనే ఉన్నాయి. తొలి రోజుల్లో వాటి కింద ఉన్న పేరు మాత్రం ఆమెది కాదు, భర్త మానెక్‌షాది. స్త్రీ పేరుతో వచ్చిన ఫొటోకు విలువ ఉంటుందని అప్పటి పత్రికలు అనుకోలేదు. ఢిల్లీలో బ్రిటిష్ సమాచార సేవల విభాగంలో చేరిన తర్వాత ఆమె చీర కట్టుకుని, బరువైన కెమెరా సరంజామా మోసుకుంటూ, సైకిలు మీద నగరమంతా తిరిగారు. దేశ విభజనకు కాంగ్రెస్ నేతలు చేతులెత్తి ఆమోదం తెలిపిన సమావేశం, 1947 ఆగస్టు 16న ఎర్రకోటపై ఎగిరిన జెండా, మౌంట్‌బాటెన్ వీడ్కోలు, గాంధీజీ అంతిమయాత్ర, పావురాన్ని ఎగరవేస్తున్న నెహ్రూ... స్వతంత్ర భారతం తొలినాళ్ళను తలచుకుంటే కళ్ళముందు మెదిలే దృశ్యాల్లో చాలావాటిని మనకు మిగిల్చినది ఆమె కెమెరాయే.

1948 జనవరి 30న ఆమె బిర్లా హౌస్‌లో ప్రార్థన సమావేశానికి బయలుదేరి, భర్త వెనక్కి పిలవడంతో ఆగిపోయారు. ఆనాటి సాయంత్రం అక్కడ లేకపోయానన్న బాధ ఆమెను చివరిదాకా వెంటాడింది. 1970లో కెమెరా పక్కన పెట్టేశారు. కొత్తగా వచ్చిన ఫొటోగ్రాఫర్ల తోపులాటలు, మర్యాద ఎరగని తీరు నచ్చక వృత్తినే వదులుకున్నానని తర్వాత చెప్పుకున్నారు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు, 2011లో, ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. మరుసటి ఏడాది జనవరిలో ఆమె కన్నుమూశారు.

హోమాయ్ సైకిలు మీద తిరుగుతున్న ఢిల్లీకే 1947 ఆగస్టులో సయీదా బానో వచ్చారు. నచ్చని కాపురాన్ని లక్నోలో వదిలి, చిన్న కొడుకును వెంటబెట్టుకుని ఆమె రాజధానిలో దిగిన సమయం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. విభజన చిచ్చు రాజుకుంటున్న నగరంలో, ఒంటరి ముస్లిం స్త్రీ. స్వాతంత్ర్యానికి రెండు రోజుల ముందు, ఆగస్టు 13న, ఆకాశవాణి ఢిల్లీ కేంద్రం నుంచి ఆమె ఉర్దూ వార్తలు చదివారు. ఉర్దూ వార్తలకు తొలి మహిళా గొంతు ఆమెదే. వార్తలు చదివే ఆడగొంతును వినడం శ్రోతలకు అలవాటు లేని కాలమది. మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలతోపాటు, పాకిస్తాన్ వెళ్ళిపొమ్మనే ఉత్తరాలూ ఆమెకు అందాయి. ఆమె వెళ్ళలేదు.

తెలుగువారికి ఈ కథలో తమదైన పేరు ఒకటుంది, జోలెపాళెం మంగమ్మ. 1925లో మదనపల్లెలో పుట్టిన ఆమె ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ. అప్పట్లో తెలుగు జాతీయ వార్తలు వెలువడేది హైదరాబాద్ నుంచి కాదు, ఢిల్లీ నుంచి. పార్లమెంటు వీధిలోని ప్రసార భవనంలో ఇంగ్లిష్‌లో అందిన వార్తల కాగితాన్ని నిమిషాల మీద తెలుగు చేసుకుని, మైకు ముందు కూర్చుని చదవాలి. ఆమెది అరువు తెచ్చుకున్న గొంతు కాదు, వార్తను అర్థం చేసుకుని తెలుగు చేసిన గొంతు. పంచాయతీ కార్యాలయం రేడియో చుట్టూ చేరిన ఊరి జనానికి, ఢిల్లీ సంగతులను ఒక స్త్రీ చెబితే వినడం కొత్త అనుభవం. పన్యాల రంగనాథరావు, ఏడిద గోపాలరావు వంటి పేర్లు తెలుగు ఇళ్ళలో ఎంత చిరపరిచితమో, మంగమ్మ తర్వాత మామిళ్ళపల్లి రాజ్యలక్ష్మి పేరూ అంతే చిరపరిచితం అయింది. మంగమ్మ వార్తలు చదవడంతో ఆగిపోలేదు. తెలుగు అచ్చు పుస్తకాల తొలి చరిత్ర మీద, అల్లూరి సీతారామరాజు మీద ఆమె చేసిన పరిశోధన ఇప్పటికీ ఆధారగ్రంథాల వరుసలో ఉంది. అయినా జర్నలిజం విద్యార్థినుల్లో ఆమె పేరు తెలిసినవారు ఎందరో లెక్కపెడితే తెలుగు విశ్వవిద్యాలయాలకు తలవంపులే.

నిజానికి పత్రికా సంపాదకత్వం తెలుగు స్త్రీలకు ఢిల్లీలో అబ్బిన విద్య కాదు. 1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య మొదలుపెట్టిన 'హిందూ సుందరి' కొద్దికాలంలోనే మొసలికంటి రమాబాయమ్మ, వెంపటి శాంతాబాయమ్మల సంపాదకత్వంలోకి వెళ్ళింది. మద్రాసులో దుర్గాబాయి 'ఆంధ్రమహిళ' నడిపారు. రాజ్యాంగ సభ సభ్యురాలిగా, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలిగా ఆమె ఢిల్లీలో చేసిన పనికి దొరికిన గుర్తింపు, ఆమెలోని పత్రికా సంపాదకురాలికి దొరకలేదు. అయితే ఈ పత్రికలకు ఒక హద్దు ఉంది. స్త్రీలు స్త్రీల కోసం నడిపే పత్రిక అంటే సమాజం సర్దుకుపోయింది. శాసనసభ, న్యాయస్థానం, యుద్ధభూమి వార్తలు స్త్రీ రాస్తుందంటే మాత్రం అంత సులువుగా సర్దుకుపోలేదు.

ఆ హద్దు ఎంత గట్టిదో 1965 చెప్పింది. ఆ ఏడాది ఆగస్టు 17న సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఇందిరాగాంధీ ఢిల్లీలో భారత జన సంచార సంస్థను ప్రారంభించారు. పాత్రికేయాన్ని ఒక శాస్త్రంగా నేర్పడానికి జాతీయ స్థాయిలో సంస్థ ఏర్పడింది, దాన్ని ప్రారంభించినది ఒక మహిళా మంత్రి. సరిగ్గా మరుసటి నెలలో పాకిస్తాన్‌తో యుద్ధం నడుస్తుండగా హిందుస్తాన్ టైమ్స్ యువ విలేకరి ప్రభా దత్ తనను యుద్ధరంగానికి పంపమని అడిగారు. ఆడపిల్లను పంపేది లేదన్నారు. ఆమె వాదించలేదు. సెలవు పెట్టి, సొంతంగా పంజాబ్ వెళ్ళి, ఖేమ్‌కరణ్ నుంచి వార్తలు పంపారు. పత్రిక వాటిని అచ్చు వేసింది! పంపడానికి అభ్యంతరం ఉన్నవారికి ప్రచురించడానికి అభ్యంతరం లేకపోయింది. ఆ రోజుల్లో ఆడవారికి అప్పగించే పనులు పూల ప్రదర్శనలు, రాయబార కార్యాలయాల విందులు, ప్రముఖుల భార్యల కార్యక్రమాలు. యుద్ధవార్త రాయాలంటే సెలవుచీటీ రాయాల్సి వచ్చింది.

అదే ప్రభా దత్ 1981లో సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఢిల్లీలో ఇద్దరు పిల్లలను అపహరించి చంపిన కేసులో మరణశిక్ష పడి తిహార్ జైల్లో ఉన్న రంగా, బిల్లాలను ఇంటర్వ్యూ చేయడానికి జైలు అధికారులు అనుమతి ఇవ్వలేదు. నవంబరు 7న ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ ఇచ్చిన ఉత్తర్వు నేటికీ న్యాయ, పాత్రికేయ విద్యార్థులు చదువుకునే పాఠం. సమాచారం కోరుతూ ఎవరినైనా నిలదీసే సంపూర్ణ హక్కు పత్రికలకు రాజ్యాంగం ఇవ్వలేదని అంటూనే, ఖైదీలు ఇష్టపడినప్పుడు, బలమైన కారణం లేకుండా ఇంటర్వ్యూను నిరాకరించడం కుదరదని కోర్టు తేల్చింది. ఆమె వేసిన పిటిషన్ ఫలం ఆమెకొక్కరికే కాక ఇతర పత్రికలకు, వార్తా సంస్థలకు కూడా దక్కింది. 1984లో ఆమె అకాలంగా మరణించారు. పదిహేనేళ్ళ తర్వాత కార్గిల్ యుద్ధరంగం నుంచి ఆమె కుమార్తె బర్ఖా దత్ టెలివిజన్‌లో వార్తలు చెప్పారు. సెలవు పెట్టి వెళ్ళాల్సిన అవసరం ఆమెకు రాలేదు.

ప్రభా దత్ మరణించిన ఏడాదే సుప్రీంకోర్టు మరో తీర్పు ఇచ్చింది. ఢిల్లీ పొలిమేరలోని ఫరీదాబాద్ రాతి క్వారీల నుంచి 135 మంది వెట్టి కార్మికులను విడిపించి మధ్యప్రదేశ్‌లోని సొంత ఊళ్ళకు పంపారు. అంతటితో ప్రభుత్వం చేతులు దులుపుకుంది. స్టేట్స్‌మన్ పాత్రికేయురాలు నీరజా చౌధరి ఆ ఊళ్ళకు వెళ్ళి చూస్తే వారికి పునరావాసం అన్నదే అందలేదు. ఆమె సుప్రీంకోర్టును ఆశ్రయించారు. విడుదల చేసి వదిలేస్తే సరిపోదు, పునరావాసం కల్పించకపోతే జీవించే హక్కుకు అర్థం లేదని జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు చెప్పారు. ఈ కేసు గురించి ఒక మాట అనుకోవాలి. విడుదల రోజున ఫొటోలు, వార్తలు వస్తాయి. తర్వాత వాళ్ళు ఏమయ్యారో వెళ్ళి చూసేవారు అరుదు. ప్రధానమంత్రి కార్యాలయం, పార్టీ ప్రధాన కార్యాలయాలు వంటి పెద్దపీటలు మగవారికి కేటాయించి, మిగిలిన సామాజిక వార్తలు ఆడవారికి వదిలేసిన న్యూస్‌రూమ్‌లు తమకు తెలియకుండానే గొప్ప పాత్రికేయానికి దారి వేశాయి. 1980ల తొలినాళ్ళ నుంచి మీడియా ఫౌండేషన్ మహిళా జర్నలిస్టులకు ఇస్తున్న చమేలీ దేవి జైన్ పురస్కారం జాబితా తిరగేస్తే ఈ సంగతి బోధపడుతుంది.

పెద్దపీటలు దక్కకపోవడానికి చెప్పిన కారణాల్లో అన్నిటికన్నా బలమైనది రాత్రి. పత్రిక తయారయ్యేది రాత్రి. మొదటి పేజీ నిర్ణయమయ్యేది రాత్రి. ఎడిషన్ బాధ్యత మోసినవాడే చీఫ్ సబ్‌ఎడిటర్, న్యూస్ ఎడిటర్ అవుతాడు. స్త్రీకి రాత్రి డ్యూటీ వేయకపోవడాన్ని ఆమె మేలు కోసమే అన్నారు. పదోన్నతి వేళకు, ఆమెకు రాత్రి డ్యూటీ అనుభవం లేదన్నారు. ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్ పత్రికా కార్యాలయాల్లో ఒక తరం మహిళలు అడిగి మరీ రాత్రి డ్యూటీలు వేయించుకున్నది ఇందుకే. ఇంటికి దింపే వాహనం అడగడానికి వారు మొహమాటపడేవారు. అడిగితే, అందుకేగా మీకు వద్దన్నది అనే జవాబు సిద్ధంగా ఉండేది.

రాత్రితోపాటు మరో అడ్డంకి ఉంది, అది ఏ నియమావళిలోనూ కనిపించదు. రాజకీయ వార్త విలేకరుల సమావేశంలో పుట్టదు. సమావేశం ముగిశాక, వరండాలోనో, విందులోనో, క్లబ్బులో గ్లాసుల చుట్టూనో పుడుతుంది. నాయకుడు నలుగురు నమ్మకస్తులతో చెప్పే మాటే మరునాటి పతాక శీర్షిక. ఆ నలుగురిలో స్త్రీ ఉండేది కాదు. ఉంటే ఆమె గురించే వార్త పుట్టేది. 1994లో భారత మహిళా ప్రెస్ కోర్ ఏర్పడటానికి ఈ అనుభవమే ప్రాతిపదిక. మృణాల్ పాండే తొలి అధ్యక్షురాలు. హిందీ సాహిత్యంలోనూ, పత్రికల్లోనూ పేరున్న ఆమె తర్వాతి కాలంలో హిందీ దినపత్రిక 'హిందుస్తాన్' సంపాదకత్వం, ప్రసార భారతి అధ్యక్షత నిర్వహించారు. అశోకా రోడ్డు దగ్గర 5, విండ్సర్ ప్లేస్ బంగళా ఈ సంస్థ చిరునామా అయింది. ఆంధ్రభవన్‌లో భోజనం చేసి నడిచి వెళ్ళగలిగే దూరం.

అక్కడ ఉన్నవి గొప్ప సౌకర్యాలేమీ కాదు. కూర్చుని వార్త రాసుకోవడానికి బల్ల, కంప్యూటర్లు, గ్రంథాలయం, భోజనం. రెండు సమావేశాల మధ్య ఖాళీ సమయంలో ఎక్కడ కూర్చోవాలో తెలియక కారిడార్లలో నిలబడ్డవారికి అవే గొప్ప. దీనికి తోడు, మంత్రులు, ప్రతిపక్ష నేతలు, రాయబారులు అక్కడికే వచ్చి మాట్లాడటం మొదలైంది. వరండా ముచ్చట్లలో చోటు దొరకనివారు తమ వరండాను తామే కట్టుకున్నారన్నమాట. మహిళలకు వేరే క్లబ్బు దేనికి, సమానత్వం కావాలంటూనే వేరు కుంపటి పెడతారా అన్న విమర్శ అప్పట్లో గట్టిగానే వచ్చింది. ఆ విమర్శలో పస లేకపోలేదు. అయితే వేరు కుంపటి పెట్టినవారు పాత కుంపటిని వదిలిపోలేదు. ప్రెస్ క్లబ్ ఎన్నికల్లోనూ పోటీ చేశారు, ఎడిటర్స్ గిల్డ్‌లోనూ నిలబడ్డారు.

విండ్సర్ ప్లేస్ రాజధాని పాత్రికేయులది. మిగిలిన దేశం మాట? 2002 జనవరిలో ఢిల్లీలో జరిగిన సమావేశంలో భారత మీడియా మహిళల నెట్‌వర్క్ రూపుదాల్చింది. అమ్మూ జోసెఫ్, కల్పనా శర్మ వంటివారు మీడియాలో స్త్రీల స్థితిగతుల మీద అప్పటికే చాలా పని చేసి ఉన్నారు. వివిధ నగరాల్లో అంతకుముందు జరిగిన సమావేశాలకు కొనసాగింపుగా దేశం నలుమూలల నుంచి, పలు భాషల పత్రికల నుంచి మహిళలు వచ్చారు. ఇంగ్లిష్ పత్రికల్లో పనిచేసేవారి కష్టం ఒకటైతే, ప్రాంతీయ భాషల పత్రికల్లో జిల్లా కేంద్రాల్లో పనిచేసేవారి కష్టం మరొకటని అక్కడ బయటపడింది. తెలుగు పత్రికల విషయమే చూస్తే, మహిళల పేజీలు వైభవంగా వెలుగుతున్న రోజుల్లోనూ, రఫీ మార్గ్ ఐఎన్ఎస్ భవనంలోని తెలుగు పత్రికల ఢిల్లీ కార్యాలయాల నుంచి వచ్చే వార్తల కింద చాలాకాలం పురుషుల పేర్లే కనిపించాయి.

తర్వాత ఛానెళ్ళు వచ్చాయి. నోయిడా ఫిల్మ్ సిటీ ఇరవై నాలుగు గంటలూ వెలుగుతూ ఉండేసరికి రాత్రి డ్యూటీ మీద చర్చ దానంతటదే ముగిసిపోయింది. అవకాశాలు వేగంగా వచ్చాయి, ఇంటికి చేర్చే బాధ్యత మాత్రం ఆ వేగంతో రాలేదు. 2008 సెప్టెంబరు 30 తెల్లవారుజామున హెడ్‌లైన్స్ టుడే జర్నలిస్టు సౌమ్యా విశ్వనాథన్ పని ముగించుకుని తన కారులో ఇంటికి వెళ్తుండగా వసంత్ కుంజ్ దగ్గర కాల్చి చంపారు. ఆమె వయసు 25. అంత రాత్రివేళ ఒంటరిగా తిరగడం సాహసమేనన్న ధోరణిలో అప్పటి ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ అన్న మాట దేశమంతటా నిరసనకు కారణమైంది. రాజధానిని పదేళ్ళుగా పాలిస్తున్న మహిళ నోట ఆ మాట రావడం ఎక్కువగా బాధించింది. హతురాలు సాహసానికి పోలేదు, ఉద్యోగానికి పోయింది. కింది కోర్టు నిందితులను దోషులుగా తేల్చడానికి 2023 అక్టోబరు దాకా, అంటే పదిహేనేళ్ళు పట్టింది. యావజ్జీవ శిక్షలు పడిన కొద్ది నెలలకే హైకోర్టు వాటి అమలును నిలిపివేసింది.

ఆఫీసు బయటి ప్రమాదం మీద మాట్లాడినంతగా లోపలి ప్రమాదం మీద పత్రికా రంగం మాట్లాడలేదు. 1997లో విశాఖ తీర్పు వచ్చింది, 2013లో చట్టం వచ్చింది, వాటి గురించి సంపాదకీయాలూ వచ్చాయి. ఫిర్యాదుల కమిటీ తమ కార్యాలయంలో ఉందో లేదో చాలామంది సంపాదకులు చూసుకోలేదు. 2018 అక్టోబరులో ఆ మౌనం బద్దలైంది. పలువురు మహిళా జర్నలిస్టుల ఆరోపణల నడుమ, వాటిని తోసిపుచ్చుతూనే, మాజీ సంపాదకుడు ఎం.జె. అక్బర్ కేంద్రమంత్రి పదవికి రాజీనామా చేశారు. ప్రియా రమణిపై ఆయన వేసిన క్రిమినల్ పరువునష్టం కేసును ఢిల్లీ కోర్టు 2021 ఫిబ్రవరి 17న కొట్టివేసి ఆమెను నిర్దోషిగా ప్రకటించింది. దశాబ్దాల తర్వాతైనా, తనకు నచ్చిన వేదిక మీద స్త్రీ తన బాధ చెప్పుకోవచ్చని ఆ తీర్పు పేర్కొంది. అక్బర్ దానిపై హైకోర్టులో అప్పీలు చేశారు.

ఇప్పటి సదస్సుల్లో వినబడని మరో సంగతి నియామకపత్రం. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పనిగంటలు, సెలవులు, వేతన బోర్డు వంటి రక్షణలు కల్పించింది. ప్రభా దత్ సెలవుచీటీ వెనుక ఒక శాశ్వత ఉద్యోగం ఉంది. మజీఠియా వేతన బోర్డు సిఫార్సులను 2014లో సుప్రీంకోర్టు సమర్థించినా, అప్పటికే ఢిల్లీ, నోయిడాల్లో కొత్త నియామకాలు కాంట్రాక్టు బాట పట్టాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు ఆ పాత చట్టాన్ని తమలో కలిపేసుకున్నాయి. స్త్రీల సమ్మతితో, భద్రతా ఏర్పాట్లతో రాత్రి పని చేయించుకోవచ్చని కొత్త స్మృతి చెబుతోంది. ఏడాది కాంట్రాక్టు మీద ఉన్న అమ్మాయి సమ్మతి లేదని ఎన్నిసార్లు చెప్పగలదు? వాహనం ఎవరిది, ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారు, కాంట్రాక్టు ఎన్నాళ్ళు అన్న మూడు ప్రశ్నలు ఉద్యోగం ఇచ్చేవారిని అడగాలని వేదిక మీద ఉన్నవారు చెబితే, బయోడేటా పాఠం కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

ఆ స్మృతులు రావడానికి నలభై రెండు రోజుల ముందు, అక్టోబరు 10న, ఢిల్లీలో అఫ్గానిస్తాన్ రాయబార కార్యాలయంలో తాలిబాన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తఖీ విలేకరుల సమావేశం జరిగింది. మహిళా జర్నలిస్టులను లోపలికి రానివ్వలేదు. లోపల కూర్చున్న పురుషులు ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకుని బయటకు వచ్చారు. ఆ సమావేశంతో తమకు ప్రమేయం లేదని విదేశాంగ శాఖ ప్రకటించింది. విండ్సర్ ప్లేస్ నుంచీ, ఎడిటర్స్ గిల్డ్ నుంచీ ఖండన వెలువడింది. పార్లమెంటు ప్రతిపక్షం ప్రధానిని నిలదీసింది. రెండు రోజులకే ముత్తఖీ మరో సమావేశం పెట్టి మహిళలను ఆహ్వానించారు. మొదటిసారి పిలవకపోవడం సాంకేతిక పొరపాటని సర్దిచెప్పారు. ఆ రోజు ముందు వరుస కుర్చీల్లో మహిళలే కూర్చున్నారు. అఫ్గాన్ బాలికలకు చదువు ఎందుకు నిషేధించారన్న ప్రశ్న ఆ వరుసలోంచే వచ్చింది.